వస్త్రంపై ముద్ర

వస్త్రంపై ముద్ర వేయడం నిన్న మొన్నటి అలవాటు కాదు. కోరమండల్ తీరం నుండి ఇండోనేషియా దీవులకు వెళ్లిన అద్దకపు వస్త్రాలు కొన్నింటిపై, 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ముద్ర నేటికీ కనిపిస్తుంది. ఆ ముద్ర సిద్ధమైన గుడ్డపై పడేది. నేటి దుస్తుల పరిశ్రమలో గుడ్డను కత్తిరించక ముందే ముద్ర స్థానం కంప్యూటర్ చిత్రంలో నిర్ణయమవుతుంది. ఈ చిత్రరచనా విధానాన్నే 'క్యాడ్' అంటారు.

చొక్కా ముందుభాగం, వీపు, చేతులు, కాలరు మొదలైనవాటిని క్యాడ్‌లో అసలు కొలతలతో గీస్తారు. కత్తిరింపు యంత్రం ఆ గీతలను అనుసరించి గుడ్డను కోస్తుంది. యంత్రానికి గీత అలంకారం కాదు, ఆజ్ఞ. సంస్థ చిహ్నాన్ని అజాగ్రత్తగా కత్తిరింపు గీతలలో కలిపితే, కత్తి అక్షరాల అంచుల వెంబడి కూడా నడుస్తుంది! ఒకదానిపై ఒకటిగా పేర్చిన గుడ్డలన్నింటికీ ఒకేసారి ఆ నష్టం కలుగుతుంది. అందుకే పారదర్శక పత్రాలను దొంతరగా పేర్చినట్లు, కత్తిరింపు గీతలను ఒక పొరలోను, కుట్టు గీతలను వేరొక పొరలోను, చిహ్నాన్ని ఇంకొక పొరలోను ఉంచుతారు.

ఛాయాచిత్రంగా తెచ్చిన చిహ్నం చుక్కల సముదాయం. దానిని బాగా పెంచితే అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. రేఖారూపంలో గీసిన చిహ్నానికి ఈ చిక్కు లేదు.

అసలు పరీక్ష గుడ్డ స్వభావంతోనే. నూలు గుడ్డ ఉతికినప్పుడు కుంచించుకుపోతుంది. నిలువున 5 శాతం కుంచించుకుపోయి, అడ్డంగా మారని గుడ్డపై 10 సెంటీమీటర్ల వ్యాసం గల వృత్తాన్ని ముద్రించారనుకుందాం. ఉతికిన తరువాత దాని ఎత్తు 9.5 సెంటీమీటర్లకు తగ్గి, వృత్తం అండాకారమవుతుంది. దీనిని నివారించడానికి 10ని 0.95తో భాగించి, చిత్రంలో నిలువు కొలతను సుమారు 10.53 సెంటీమీటర్లుగా ఉంచాలి. అప్పుడు తెరపై వృత్తం వికృతంగా కనిపిస్తుంది. ఉతికిన చొక్కాపై సక్రమంగా ఉంటుంది. తెరపై అందాన్ని చూసి మురిసిపోయేవారికి ఈ పని అప్పగించరాదు.

కుట్టులోకి మడిచే అంచును కూడా లెక్కించాలి. అంచుకు మరీ దగ్గరగా ఉంచిన అక్షరం కుట్టులో మాయమవుతుంది.

ఉతికే విధానాన్ని, ఇస్త్రీ వేడిని గుర్తులతో తెలిపే చీటీని మెడ వెనుక కుట్టడం పరిపాటి. అది ఒరుసుకొని దురద పెడుతుందని చాలామంది కత్తిరించి పారవేస్తారు. అందువల్ల కొందరు తయారీదారులు ఆ వివరాలను గుడ్డ లోపలివైపునే ముద్రిస్తున్నారు. అప్పుడు చీటీ కూడా క్యాడ్ చిత్రంలో భాగమవుతుంది. అది గుడ్డకు ఏ వైపు పడాలో చిత్రంలో స్పష్టంగా రాయకపోతే, ఇస్త్రీ గుర్తు వీపుపై ఊరందరికీ కనిపిస్తుంది.