మహేంద్రగిరిపై ఒక రాత్రి.. లెక్క ముందే వేసుకోండి!

* దసరా సెలవుల్లో తొందర వద్దు
* నీళ్లు, దుప్పట్లు ఇంటి నుంచే

చికిటి: కార్తికం దగ్గరపడితే చాలు.. చికిటి, బరంపురం, ఇచ్ఛాపురం కుర్రకారు చూపు మహేంద్రగిరి మీద పడుతుంది. వనభోజనాలు ఊరి తోటలో ఎందుకు, కొండ మీదే పెట్టుకుందాం, రాత్రికి టెంటు వేసుకుని సూర్యోదయం చూసి దిగుదాం అనుకుంటారు. ఆలోచన మంచిదే. కానీ 1,501 మీటర్ల ఎత్తున రాత్రి గడపడమంటే మామూలు పిక్నిక్ కాదు. బండి ఎక్కేముందే నాలుగు లెక్కలు తేల్చుకోవాలి.

ఒకప్పుడు మన గంజాం జిల్లాలోనే ఉన్న ఈ కొండ 1992లో గజపతి జిల్లాలోకి వెళ్లింది. ఎత్తులో ఒడిశాలో దేవమాలి తర్వాత దీనిదే స్థానం. భీముడు, కుంతి, ధర్మరాజుల పేర్లతో పిలిచే పురాతన రాతి గుళ్లు పైనే ఉన్నాయి. గాంగ రాజుల కులదైవం గోకర్ణేశ్వరుడు కొలువైన చోటిది. శివరాత్రికి రెండు రాష్ట్రాల భక్తులూ కొండపైనే జాగారం చేస్తారు. వాహనంలో వెళ్లేవారు పర్లాకిమిడి మీదుగా వెళ్లాలి. మందస వైపు నుంచి కాలినడకన ఎక్కేవారూ ఉన్నారు.

మొదటి లెక్క.. తేదీ

దసరా సెలవులు కదా అని అక్టోబరులో బయల్దేరడం మన ప్రాంతంలో ప్రమాదకరం. పైలిన్ తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ ఇంచుమించు ఒకే వారంలో వచ్చినవే. తిత్లీ వానకు గజపతి జిల్లా బరఘర గ్రామస్థులు కొండ గుహలో తలదాచుకుంటే, పైనుంచి చరియ విరిగిపడి డజను మందికి పైగా చనిపోయారు. కొండను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్లకే ఆ గతి పట్టింది. పట్నం నుంచి వెళ్లే మనమెంత?

అందుకే నవంబరు ద్వితీయార్ధం నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అప్పుడు కూడా వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకున్నాకే కదలాలి. వాగు ఒడ్డున, బండరాళ్ల కింద, గుహల్లో మకాం పెట్టకూడదు. డిసెంబరులో అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. మూడు గంటలకే చోటు చూసుకుంటే టెంటు కట్టుకోవడం తేలిక.

రెండో లెక్క.. నీళ్లు

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకోండి. అయిదుగురు, రెండు రోజులంటే 40 లీటర్లు. అంటే ఇరవై లీటర్ల డబ్బాలు రెండు, బరువు 40 కిలోలు. బండి పైదాకా వెళ్తే సరే, నడకైతే ఎవరెంత మోస్తారో ముందే తేల్చుకోవాలి. పైన వాగు ఉందిలే అనుకోవద్దు. వాగు నీళ్లు దొరికినా మరగకాచే తాగాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు సెలవులకు ఎడారి కొండల్లోకి క్యాంపింగ్‌కు వెళ్లడం చూస్తున్నాం. కాలిఫోర్నియాలోని జోషువా ట్రీ పార్కులో చాలా క్యాంపుగ్రౌండ్లలో కుళాయే ఉండదు. ఎవరి నీళ్లు వారే తెచ్చుకోవాలి, చెత్త కూడా వారే ఎత్తుకోవాలి. అక్కడ పాటించే పద్ధతి ఇక్కడ మాత్రం ఎందుకు పాటించకూడదు?

మూడో లెక్క.. చలి

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. బరంపురంలో రాత్రి 18 డిగ్రీలుంటే శిఖరం మీద 9 దాకా దిగొచ్చు. ఆపైన గాలి, మంచు. మన ఇళ్లలో వాడే పలుచటి దుప్పటి అక్కడ ఆగదు. ఒంటి మీద కప్పుకోవడంతో పాటు కింద పరుచుకోవడానికీ మందపాటిది ఉండాలి. నేల చల్లదనమే ఎక్కువ బాధపెడుతుంది.

నాలుగో లెక్క.. కొండకు మనం చేసే చేటు

ఒడిశా ప్రభుత్వం 2022లో మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. దీని విస్తీర్ణం 4,250 హెక్టార్లు. ఇక్కడ 1,358 రకాల మొక్కలను గుర్తించారు. వాటిలో అంతరించే ముప్పున్న ఔషధ మొక్కలూ ఉన్నాయి. చలిమంటకు పచ్చి కొమ్మ విరిచినా, ఎండుగడ్డికి నిప్పంటుకున్నా నష్టపోయేది ఇవే. వాటితో పాటు ఆ అడవినే నమ్ముకున్న సవర పల్లెలు. గ్యాస్ స్టవ్‌తో సరిపెట్టుకుంటే సగం ముప్పు తప్పుతుంది. మిగిలిన అన్నం, కూరలు టెంటు పక్కనే పారేస్తే ఎలుగుబంటిని పిలిచినట్టే. మందస, ఉద్దానం పల్లెలవారికి ఆ భయం ఎలాంటిదో తెలుసు.

రాత్రి బసకు అనుమతి గురించి పర్లాకిమిడి అటవీ డివిజన్ కార్యాలయంలో ముందే వాకబు చేయాలి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట తీసుకెళ్లి, తగిన కూలి ఇవ్వాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి. కొండ మీద సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందుతుందన్న భరోసా లేదు.

వెంట ఉండాల్సినవి

* టెంటు, కింద పరచడానికి టార్పాలిన్, దోమతెర
* మనిషికో టార్చిలైటు, అదనపు బ్యాటరీలు
* అటుకులు, మరమరాలు, బెల్లం, పులిహోర
* జ్వరం, విరేచనాల మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు, గాయాలకు కట్టు
* రెండు ఖాళీ గోనెసంచులు. పైకి తీసుకెళ్లిన ప్లాస్టిక్ అంతా వీటిలోనే కిందికి రావాలి