రంగులరాట్నం ఎక్కేముందు



2020లో కరోనా వచ్చి అన్నీ మూతపడినప్పుడు మా చిన్నవాడిది రోజూ ఒకటే పోరు: "రంగులరాట్నం మళ్ళీ ఎప్పుడు తిరుగుతుందే అమ్మా?" "జబ్బు పూర్తిగా పోయాక నాయనా" అనేదాన్ని. కాని జబ్బు పోకముందే, జాగ్రత్తలు పెట్టుకుని వినోదపు పార్కులు తెరిచిన దేశాలున్నాయి. ఎలా తెరిచారో చూద్దాం.

చైనాలో షాంఘై డిస్నీలాండును ఆ ఏడు జనవరి 25న మూసి, మే 11న తెరిచారు. మామూలుగా పట్టే జనంలో నూటికి ముప్పైమందికి మించి రానివ్వకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. ముందుగా టిక్కెట్టు కొన్నవారికే ప్రవేశం. గుమ్మంలో ఒంటివేడి చూడడం, మూతికి మాస్కు, క్యూలో మనిషికీ మనిషికీ ఎడం.

జపానువారైతే రోలర్ కోస్టరు ఎక్కి కేకలు పెట్టవద్దన్నారు! నవ్వొస్తుంది గాని, అందులో అర్థం లేకపోలేదు. ఊపిరితో, తుంపరలతో అంటుకునే జబ్బాయె. మామూలుగా మాట్లాడినప్పటికన్నా అరిచినప్పుడు తుంపరలు ఎక్కువ. అందుకే ఫుజీ-క్యూ అనే పార్కులో ఇద్దరు అధికారులు కోటూ టైతో కోస్టరెక్కి, కిక్కురుమనకుండా దిగి చూపించారు.

ఇన్ని చేసినా పూచీ లేదు సుమండీ. 2021 అక్టోబరు 31న షాంఘైలో, అంతకుముందు వచ్చివెళ్ళిన ఒక్క మనిషికి జబ్బని తేలేసరికి, లోపలున్న సుమారు 34 వేలమందికీ పరీక్ష చేశాకగాని బయటికి పంపలేదు. రెండురోజులు మళ్ళీ మూత!

పార్కువారి జాగ్రత్త గుమ్మం దగ్గర మొదలవుతుంది. మనది ఇంట్లోనే మొదలవ్వాలి. పిల్లాడికి కాస్త జ్వరమో దగ్గో ఉంటే, ఎంత ఏడ్చినా ఆనాటికి ప్రయాణం మానుకుందాం. రంగులరాట్నం రేపైనా తిరుగుతుంది.