బడి ఖర్చు, సాగు పెట్టుబడి ఒకే నెలలో వస్తే: ఫలక్‌నుమా రైతుబజార్‌కు వచ్చే చిన్న రైతులకు సూచనలు

తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. నైరుతి రుతుపవనాలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. అంటే ఫీజులు, పుస్తకాలు, బట్టల ఖర్చు ఒకవైపు, విత్తనాలు, ఎరువులు, దుక్కి ఖర్చు మరోవైపు ఒకే పదిహేను రోజుల్లో మీద పడతాయి. మహేశ్వరం, కందుకూరు, శంషాబాద్ వైపు నుండి ఆకుకూరలు, కూరగాయలు తెచ్చి ఫలక్‌నుమా రైతుబజార్‌లో అమ్ముకునే రైతులకు ఒక అనుకూలత ఉంది. వీరికి డబ్బు ఏడాదికి ఒకసారి కాకుండా రోజూ చేతికి వస్తుంది. దాన్ని సరిగ్గా వాడుకుంటే జూన్‌లో వడ్డీ వ్యాపారి గడప తొక్కనవసరం లేదు.

ముందుగా లెక్క రాయండి

మే మొదటి వారంలోనే ఇంట్లో అందరూ కూర్చుని రెండు జాబితాలు రాయాలి. మొదటిది పిల్లలది: ఫీజు, పుస్తకాలు, బట్టలు, చెప్పులు, రాకపోకలు. రెండవది పొలానిది: విత్తనం, ఎరువు, దుక్కి, కూలీలు. ప్రతి ఖర్చు పక్కన ఏ తేదీకి కావాలో రాయాలి. జూన్ 12కే కావలసినవి కొన్నే ఉంటాయని అప్పుడు తెలుస్తుంది. పాత సంచి, నిరుటి బూట్లు బాగుంటే వాటినే వాడవచ్చు. పై తరగతికి వెళ్లిన పిల్లల పుస్తకాలు అడిగి తీసుకోవచ్చు. ప్రైవేటు బడి ఫీజును రెండు మూడు వాయిదాల్లో కడతామని బడి తెరవక ముందే అడగండి. కట్టిన ప్రతిసారీ రశీదు తీసుకోండి.

రోజువారీ అమ్మకం నుండి పొదుపు

అమ్మకానికి వచ్చిన రోజున ₹60 పక్కన పెడితే, నెలకు 25 రోజుల చొప్పున ₹1,500 అవుతుంది. జూలై నుండి ఏప్రిల్ వరకు పది నెలల్లో ₹15,000 చేరుతుంది. ఈ డబ్బును ఇంట్లో ఉంచకుండా మహిళా సంఘం పొదుపులో గానీ, పోస్టాఫీసు ఖాతాలో గానీ వేయాలి.

జూన్‌కు చేతికొచ్చే పంట

నీటి వసతి ఉంటే పది గుంటలైనా ఆకుకూరలకు కేటాయించండి. తోటకూర, గోంగూర ఎండను తట్టుకుంటాయి. తోటకూర 25–30 రోజుల్లో కోతకు వస్తుంది కాబట్టి మే మొదటి వారంలో చల్లితే జూన్ మొదట్లో డబ్బు వస్తుంది. కొత్తిమీరకు ఎండాకాలంలో నీడ వల తప్పనిసరి. ధనియాలను రెండు బద్దలుగా చేసి, 12 గంటలు నానబెట్టి, ఏప్రిల్ మూడో వారంలో వేసుకోవాలి. మడులన్నీ ఒకేరోజు విత్తకుండా వారానికి ఒకటి చొప్పున విత్తితే ధర పడిపోయినా నష్టం తక్కువ.

తొందరపడి విత్తకండి

60–75 మి.మీ. వర్షం పడి నేల బాగా తడిశాకే పత్తి, మొక్కజొన్న విత్తాలి. 2025లో పత్తి విత్తన ప్యాకెట్ ధర ₹901. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున రెండెకరాల్లో పొడి దుక్కిలో వేసి మొలక రాకపోతే విత్తనం మీదే ₹3,604 పోతుంది. అది ఒక పిల్లవాడి పుస్తకాలు, బట్టల డబ్బు.

అప్పు తప్పదనుకుంటే

నూటికి మూడు రూపాయల వడ్డీకి ₹20,000 తెస్తే ఆరు నెలలకు వడ్డీయే ₹3,600. సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే ₹1,200తో సరిపోతుంది. కిసాన్ క్రెడిట్ కార్డులో పంట ఖర్చుకు తోడు మరో 10 శాతం ఇంటి అవసరాలకు, కోత తర్వాతి ఖర్చులకు కలిపే వీలుంది. పంట ఖర్చు ₹1,00,000గా లెక్కిస్తే ఇది ₹10,000. బ్యాంకులో అడిగి తెలుసుకోండి. రైతు భరోసా, పీఎం కిసాన్ డబ్బు ఏ రోజున పడుతుందో ముందే చెప్పలేం కాబట్టి ఫీజు గడువును దానికి ముడిపెట్టకండి. అది పడినప్పుడు ఎరువులకు వాడుకోండి.

ఉచితంగా లభించేవి వదులుకోకండి

- ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం.
- 2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద బాలికలు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి.
- రైలులో చదువుకు వెళ్లే బాలురకు 12వ తరగతి వరకు, బాలికలకు డిగ్రీ వరకు ఇంటి నుండి విద్యాసంస్థకు రెండవ తరగతి ఉచిత సీజన్ టికెట్ సౌకర్యం ఉంది. ఉందానగర్, షాద్‌నగర్ వైపు నుండి ఫలక్‌నుమాకు వచ్చే విద్యార్థులు తమ విద్యాసంస్థ ధ్రువపత్రంతో స్టేషన్‌లో అడగాలి.
- ఐదో తరగతి గురుకుల ప్రవేశాల దరఖాస్తులు చలికాలంలోనే మొదలవుతాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు అప్పటికే సిద్ధంగా ఉంచుకోండి.

డబ్బు సరిపోనప్పుడు చాలా ఇళ్లలో ముందుగా ఆగేది ఆడపిల్ల చదువు. "ఈ ఒక్క ఏడాది పొలం పనికి రానీ" అనుకుంటారు, కానీ మరుసటి ఏడాది ఆ పిల్ల తిరిగి బడికి వెళ్లడం అరుదు. ప్రైవేటు ఫీజు భారమైతే బడి మాన్పించకండి, ప్రభుత్వ బడికి మార్చండి. ఖర్చు తగ్గించుకునే దారులు ఎన్నో ఉన్నాయి, చదువు ఆపడం వాటిలో ఒకటి కాకూడదు.