విమానం రెక్కకు తూకం

చిన్న విమానం గాలిలో విరిగి పడిందని పత్రికలో చదివితే మనం ఏమనుకుంటాం? ఇంజను ఆగిపోయి వుంటుంది, లేదా గాలివానలో చిక్కుకుని వుంటుంది, లేదా నడిపేవాడు తొందరపడి వుంటాడు అనుకుంటాం. "తోకకు కొత్తగా రంగు వేయించారు, అందుకని విరిగింది" అని ఎవరైనా అంటే నవ్వుతాం. కాని ఇది నవ్వవలసిన సంగతి కాదు. అదనంగా పూసిన రంగు, ఒక గుడ్డ అతుకు, లోపల నిలిచిపోయిన గ్లాసెడు నీళ్ళు - ఇటువంటి అల్పమైన వస్తువే ఒక్కొక్కప్పుడు మంచి విమానాన్ని ముక్కలు చేయగలదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ విద్య నాది కాదు. విమానాల మరమ్మతు పనిలో వున్న మా మేనల్లుడు మండవల్లి వచ్చినప్పుడల్లా చెప్పగా విన్నదీ, ఆ పైన పుస్తకాలు తిరగవేసి తెలుసుకున్నదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒకప్పుడు ఏలూరు కాలువలో నడిచిన పడవలకు వెనుక చుక్కాని వుండేది. విమానానికి అటువంటి చుక్కానులు మూడు రకాలు. తోకమీద నిలువుగా వుండేది రడ్డరు. అది ముక్కును కుడి ఎడమలకు త్రిప్పుతుంది. తోక దగ్గర అడ్డంగా వుండేది ఎలివేటరు. అది ముక్కును పైకీ క్రిందికీ త్రిప్పుతుంది. రెండు రెక్కల కొసలకు దగ్గరగా, వెనుక అంచున వుండేవి ఎయిలెరానులు. ఒకటి లేస్తే రెండవది దిగుతుంది, విమానం ఒక ప్రక్కకు ఒరుగుతుంది. ఈ పలకలన్నీ మన ఇంటి తలుపులలాగే మడతబందుల మీద తిరుగుతాయి.

చిక్కంతా ఆ మడతబందు దగ్గరే వున్నది. పలక బరువు చాలావరకు బందుకు వెనుకనే పడుతుంది. గాలి కుదుపుకు రెక్క చటుక్కున పైకి లేచిందనుకోండి. వెనుక బరువున్న ఎయిలెరాను అంత వేగంగా లేవలేక క్రిందికి వాలుతుంది. ఎయిలెరాను వాలితే రెక్కను ఎత్తే బలం పెరుగుతుంది గదా! రెక్క ఇంకా పైకి పోతుంది. విల్లులా వంగిన రెక్క తిరిగి క్రిందికి వచ్చేటప్పుడు పలక పైననే వుండిపోయి, రెక్కను ఇంకా క్రిందికి నెట్టిస్తుంది. అట్లతద్ది ఉయ్యాల చూశారా? ఊపు వచ్చినప్పుడల్లా వెనుకనుంచి ఒక్కొక్క తోపు తోస్తే ఉయ్యాల కొమ్మల నంటుతుంది. ఇక్కడ తోసేది గాలి. దానికి అలుపు లేదు. విమానం వేగం ఒక హద్దు దాటిందా, ఈ ఊపు తనంతట తాను పెరుగుతూ పోతుంది. దీనినే ఫ్లట్టరు అంటారు. తెలుగులో రెపరెప అనవచ్చు. జెండా రెపరెపలాడితే కంటికి అందం; రెక్క రెపరెపలాడితే కొన్ని సెకండ్లలో ప్రాణాంతకం.

ఈ రహస్యం ఊరికే తెలియలేదు. హాలెండు దేశంలో ఫాన్ బౌమ్‌హౌవర్, కోనింగ్ అనే ఇద్దరు 1922-23 ప్రాంతంలో ఒక విమానం రెక్క ఎందుకిలా కొట్టుకుంటున్నదో పరిశీలించి, ఎయిలెరానుకు బందు ముందు బరువు కడితే ఈ రోగం కుదురుతుందని చూపించారు. అయినా లోకం వెంటనే చెవిని పెట్టలేదు. ఇంగ్లండులో తయారైన పస్‌మాత్ అనే చక్కని చిన్న విమానం 1930-33 మధ్య పలుచోట్ల గాలిలోనే విరిగిపోయింది. ఎంతోమంది చనిపోయారు. దీర్ఘమైన విచారణ జరిగింది; ఫ్లట్టరును గురించి శాస్త్రజ్ఞులు మరింత శ్రద్ధ వహించడానికి ఆ మరణాలు కారణమైనవి. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చినది కూడా పస్‌మాత్‌లోనే! ఆ ప్రయాణం క్షేమంగా ముగిసింది, మన దేశపు విమానయానానికి శుభారంభమైంది.

ఇంతకూ బందు ముందు బరువు కట్టడమంటే ఏమిటి? మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఏతాం ఎరుగుదురు. ఒక కొసన బాన, రెండవ కొసన రాయి. ఆ రాయి లేకపోతే బాన ఎత్తేవాడి నడుము విరుగుతుంది. విమానం పలకకు కూడా అంతే. వెనుక బరువుకు సరిపడా బందుకు ముందు సీసపు ముక్క బిగిస్తారు. అప్పుడు రెక్క ఎగిరినా పడినా పలక వెనుకబడిపోదు. గాలికి తోపు తోసే అవకాశం చిక్కదు.

ఇక లెక్క చూడండి. పలకమీద అదనంగా 50 గ్రాముల రంగు పడిందనుకుందాం. అది సగటున బందుకు 20 సెంటీమీటర్లు వెనుక వున్నది. 50ని 20తో హెచ్చవేస్తే 1000. సీసం కట్టే చోటు బందుకు ముందు 5 సెంటీమీటర్ల దూరమే. అంటే ఆ 50 గ్రాములకు విరుగుడుగా 200 గ్రాముల సీసం కావాలి. ఉదాహరణకు చెప్పిన అంకెలే ఇవి. కాని అసలు ప్రమాదం ఎక్కడున్నదో వీటివల్ల తెలుస్తుంది. మొత్తం విమానం బరువులో 50 గ్రాములు లెక్కలోనిది కాదు. పలక వెనుక అంచున మాత్రం అది లెక్కలోనిదే.

"మరి తూచడం ఎలారా?" అని మావాణ్ణి అడిగాను.

"పలకను విప్పి, శుభ్రంగా తుడిచి, ఎగిరేటప్పుడు దానికి ఏమేమి వుంటాయో అన్నీ బిగించి తూచాలి మామయ్యా. రంగు పూర్తిగా ఆరి వుండాలి. సమమట్టంగా పెట్టిన రెండు కత్తి అంచుల మీద బందులు ఆనిస్తాం. గదిలో ఫాను ఆపేస్తాం, తలుపులు మూసేస్తాం. వెనుక అంచు క్రిందికి వాలితే అక్కడ ఎంత బరువు పడుతున్నదో చిన్న కాటాతో చూసి, బందునుంచి దూరంతో హెచ్చవేస్తాం. వచ్చిన అంకె ఆ విమానం చేసిన కంపెనీవారి పుస్తకంలో చెప్పిన హద్దులలో వుండాలి. హద్దు ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క తీరు. ఊహమీద సీసం కట్టకూడదండి."

తరువాత కాస్త ఆగి అన్నాడు: "యజమాని వచ్చి రంగు ఎంత మెరుస్తున్నదో చూసి మురిసిపోతాడు. తూకం కాగితం చూపించమని అడిగేవాళ్ళు తక్కువ."

పాత రంగు గీకకుండా దానిమీదే కొత్త రంగు వేయడం మరీ చెడ్డది. పలక అడుగున నీరు కారిపోవడానికి వుండే చిన్న రంధ్రాలు రంగుతోనో మట్టితోనో పూడిపోతే వాననీరు లోపల నిలుస్తుంది, తూకం మారుతుంది. మన కొల్లేటి సీమవంటి వానల దేశంలో ఇది చూసుకోవలసిన విషయం. మడతబందులు అరిగి లొడలొడలాడినా ముప్పే. గాలిలో వుండగా వణుకు మొదలైతే నడిపేవాడు చేయవలసిన మొదటి పని నిదానంగా వేగం తగ్గించడం.

మన ప్రాంతానికి విమానం కొత్త కాదు. తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచయుద్ధకాలంలో రన్‌వే వేశారు. యుద్ధం ముగిసి దేశం మనదయిన తరువాత, బెంగుళూరులోని హిందూస్థాన్ సంస్థ పుష్పక్ అనే రెండు సీట్ల విమానం తయారుచేసింది. 1958 సెప్టెంబరు 28న అది మొదటిసారి ఎగిరింది. దేశంలోని ఫ్లయింగు క్లబ్బులలో ఎందరో దానిమీద విద్య నేర్చారు. దాని రెక్కలకు గుడ్డ తొడుగు. చిరిగితే అతుకు వేయాలి, పైన డోపు అనే పూత పూయాలి. ప్రతి అతుకూ కొంత బరువే. 1993లో బెంగుళూరునుంచే ఎగిరిన హంసకు గుడ్డ బదులు గాజునార కలిపిన తొడుగు వచ్చింది. పదార్థం మారింది, తూకం అవసరం మారలేదు.

ఈనాడు మధ్యతరగతి ఇళ్ళనుంచి కూడా పిల్లలు అప్పు చేసి విమానం నడపడం నేర్చుకోవడానికి వెళుతున్నారు. ఆ తల్లిదండ్రులు ఫీజు ఎంత, హాస్టలు ఎక్కడ అని తప్పక అడుగుతారు. ఇంకొక రెండు ప్రశ్నలు కూడా పిల్లలకు నేర్పి పంపితే మంచిది: ఈ విమానానికి రంగు ఎప్పుడు వేశారు? వేసిన తరువాత పలకలు తూచి పుస్తకంలో వ్రాశారా?