వాడ నుంచి లేబొరేటరీకి ఎంత దూరం?

1942 అక్టోబరులో అంబేడ్కర్ వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ఒక సంగతిని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఆర్ట్స్, లా చదువులతో అంటరాని కులాలకి ఒరిగేది తక్కువ, కావాల్సింది పైస్థాయి సైన్సు, టెక్నాలజీ చదువులని ఆయన వాదించాడు. అందుకోసం ఏటా రెండు లక్షల రూపాయల స్కాలర్‌షిప్పులు అడిగాడు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. మనలో చాలామంది డిగ్రీ దాకా వచ్చింది దాని పుణ్యమే. ఆ పైన, లేబొరేటరీ గుమ్మం దగ్గర కత మళ్లీ మొదటికొస్తుంది.

2015 నుంచి 2019 దాకా ఐ.ఐ.టి.ల్లో పిహెచ్.డి.లో చేరినవాళ్లలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం. పార్లమెంటుకి ప్రభుత్వమే చెప్పిన అంకెలివి. 2006 చట్టం ప్రకారం ఉండాల్సింది 15, 7.5. అడిగితే అర్హులు దొరకలేదంటారు. ఆ అర్హత ఎక్కడ తయారవుతుందో మాత్రం చెప్పరు.

అది వేసవి సెలవుల్లో తయారవుతుంది. మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి విద్యార్థులకు వేసవి ఫెలోషిప్పులు ఇస్తాయి: రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండు. కాన్పూరు ఐ.ఐ.టి.లో 'సర్జ్' ఇలాంటిదే. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఒకటుంది. అక్కడ పనిచేసినవాడికి పరికరం మీద చెయ్యి తిరుగుతుంది, పరిశోధనా పత్రం చదవడం వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, రేపు సిఫార్సు ఉత్తరం రాసే మనిషి దొరుకుతాడు. పిహెచ్.డి. ఇంటర్వ్యూలో "ఇంతకుముందు ఏం చేశావు?" అంటే వాడికి జవాబుంటుంది. చాలావాటికి ఫారాలు చలికాలంలోనే పంపాలి. ప్రొఫెసర్ల పిల్లలకి ఈ ముక్క ఇంట్లో అన్నం తింటుంటేనే తెలిసిపోతుంది. జిల్లా కాలేజీలో మన పిల్లలకి చెప్పే దిక్కెవరు? పైగా వేసవి అంటే మనకి ఉపాధి హామీ పని. రెండు నెలల కూలి పోతుందని అమ్మానాయినలు లెక్క చూస్తారు. ఆ లెక్క తప్పు కాదు. స్టైపెండు వస్తుందని వాళ్లకి ముందే చెప్పాలి.

ఇక డబ్బు. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. నెట్ పాసై జె.ఆర్.ఎఫ్. రానివాళ్లకి ఎస్సీ నేషనల్ ఫెలోషిప్పు ఉంది. ఏటా 2,000 ఇస్తారు, అందులో సైన్సుకి 500 మాత్రమే. అంబేడ్కర్ అడిగిందానికి ఇది తలకిందుల లెక్క.

సీటు, డబ్బు రెండూ ఉన్నా గైడు లేకపోతే పరిశోధన లేదు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో ప్రాణం తీసుకున్న సెంథిల్ కుమార్ ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి. అప్పటికింకా అతనికి గైడును కేటాయించలేదు. ఏకలవ్యుడికి బొటనవేలు అడగడానికైనా ఒక గురువున్నాడు! అందుకే చేరకముందే ఆ గైడు దగ్గర ఇదివరకు చేసిన మన పిల్లలెవరో, ఎన్నేళ్లలో బయటపడ్డారో వాకబు చెయ్యాలి. చేరిన వారంలోనే, గైడును ఎప్పటిలోగా ఇస్తారని డిపార్టుమెంటుకి కాగితం పెట్టి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఇంకో నకలు ఎస్సీ, ఎస్టీ సెల్లుకి ఇవ్వాలి.