గొంగడి చాటున గొంతు

మెదకు చర్చిలో ఆదివారపు ఆరాధనవేళ గొంతెత్తి కీర్తన పాడి, వెనుక వరుసలలోని వృద్ధులచేత సైతము తలలూపించిన మా వీధి పిల్ల యొకతె, అదే కీర్తనను ఆ సాయంకాలమే తన యింటి గదిలో, ఏడాదిపాటు కూడబెట్టిన సొమ్ముతో కొని తెచ్చిన మైకు ముందు కూర్చుండి పాడి, హెడ్‌ఫోను చెవులకు తగిలించుకొని విని, వెలవెలబోయిన ముఖముతో నావైపు తిరిగి "తాతా, గిది నా గొంతేనా?" అని అడిగినది. గొంతు ఆమెదే, అందు సందేహము లేదు. కాని ఆ గొంతుతోపాటు మైకులోనికి గది యంతయు దూరినది.

1914లో కట్టడమారంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మా చర్చి, మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువుకాలమున జనులకు పనిచూపి అన్నము పెట్టుచు కట్టించినది. లోపలి విశాలత నూరడుగుల వెడల్పు, రెండువందల యడుగుల పొడవు. నడుమ నిలిచి పాడువాని నాదము ప్రక్కగోడను తాకి మరలి వచ్చుటకు సెకండులో పదవవంతునకు దగ్గరగా పట్టును గనుక, చెవి దానిని పాటవెంట నడచు వేరొక నాదముగా, పాటకు పరచిన పానుపుగా గ్రహించును. పదియడుగుల గదిలోనో, అదే నాదము సెకండులో నూరవవంతులోపుననే మరలివచ్చి అసలు గొంతుమీద పడును. అంత వడిగా వచ్చిన ప్రతిధ్వనిని చెవి వేరుపరుపజాలదు. కావున అది ప్రతిధ్వనివలె వినబడక, గొంతునకే పట్టిన తుప్పువలె, డబ్బాలో నోరుపెట్టి పలికినట్లు వినబడును. సున్నము వేసిన నాలుగు గోడలు, క్రింద షాబాదు బండలు, పైన స్లాబు: మన ఇండ్లలో పెక్కు గదుల స్వరూపమిదియే. ఇట్టి గదిలో ఎంత వెలగల మైకు నిలిపినను అది ఈ డబ్బామోతను మరింత శ్రద్ధగా ఆలకించునే కాని మాన్పజాలదు.

ఈ విషయమును లెక్కకు తెచ్చినవాడు వాలెస్ సేబైన్ అను హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు. 1895లో, ఉపన్యాసకుని మాట యెవరికిని తెలియరాని ఒక కొత్త ఉపన్యాసశాలను బాగుచేయుమని ఆయనకు పని యప్పగింపగా, ఆయన రాత్రులందు వీధులు సద్దుమణగిన పిమ్మట ప్రక్కనున్న నాటకశాలలోని మెత్తలను మోయించుకొని వచ్చి, ఒక్కొక్క వరుసగా పరచుచు, ఆర్గను గొట్టము నూది ఆపినంతనే ఆ నాదము ఎంతసేపు నిలుచునో గడియారముతో కొలుచుచు పోయెను. ఆయన తేల్చిన సూత్రము చిన్నది: గది ఘనపరిమాణమును, అందలి వస్తువులు నాదమును మ్రింగు శక్తితో భాగించి, అడుగుల లెక్కలో ఐనచో 0.049తో హెచ్చించిన, నాదము నిలుచు కాలము సెకండ్లలో వచ్చును. పది యడుగుల గది వేయి ఘనపుటడుగులు. గోడలు, నేల, కప్పు కలిసిన ఆరువందల చదరపుటడుగులు నూటికి మూడుపాళ్ళు మాత్రమే మ్రింగునని తలచిన, ఆ శక్తి పదునెనిమిది. అనగా ఖాళీగదిలో నాదము రెండున్నర సెకండ్లకు పైగా నిలుచును. ఇరువదినాలుగు చదరపుటడుగుల బరువైన దుప్పట్లు నాలుగు వ్రేలాడగట్టి, అవి తమను తాకిన నాదములో సగము మ్రింగునని యెంచిన, శక్తి అరువదియారు కాగా, కాలము ముప్పాతిక సెకండునకు దిగును. పైసా ఖర్చులేక గది మోత నాలుగోవంతునకు దగ్గరపడినట్లే గదా!

ఇక్కడనే మా మెతుకుసీమ భాగ్యము చెప్పుకొనవలెను. నల్లగొఱ్ఱెల ఉన్ని వడకి, కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించి బిరుసెక్కించిన గొంగడి మా పల్లెలలో నేటికిని దొరకును. వానకు గొడుగై, చలికి పక్కయై, ఒగ్గుకథ చెప్పువాని భుజముమీది వస్త్రమై బ్రతికిన ఆ గొంగడికంటె నాదమును మ్రింగు వస్తువు ఈ సీమలో సులభముగా దొరకునది నాకు కానరాదు. తూప్రానులో పుట్టి, 2023 ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ చేత కఱ్ఱ, భుజమున గొంగడితో వేదికనెక్కి పాడిన దృశ్యము మనలో ఎందరికో కన్నులలో నిలిచియున్నది. పాటకును గొంగడికిని గల చుట్టరికము అంత దగ్గరిది. దానిని గోడకు ఆనించి మేకులు కొట్టక, అరచేతి వెడల్పు ఎడముగా దండెముమీద మడతలతో వ్రేలాడవేయవలెను. ఆ ఎడమువలన కొంత లోతైన స్వరములు కూడ లొంగును. పాడువాని వీపువెనుక ఒకటి, ఇరుప్రక్కల రెండు, మైకు వెనుక ఒకటి. మైకు ఎదుటనుండి వచ్చు నాదమునే మిక్కిలి వినును గనుక, మొట్టమొదట కట్టవలసినది పాడువాని వీపువెనుకనే. ఈ మాట చాలమందికి తెలియక మైకు వెనుక మాత్రము మెత్తలు పేర్చుచున్నారు.

గది ఒక తీరునకు వచ్చిన పిదప గాని మైకు మాట తలపెట్టరాదు. నా యనుభవము చెప్పెదను. ఎన్నో యేండ్ల క్రిందట, స్టూడియో చిత్రములలో చూచినదియే ఉత్తమమని నమ్మి, నేనొక కండెన్సరు మైకు తెప్పించితిని. దాని పలుచని రేకు గాలిలోని సన్నని కదలికకు సైతము చలించును గనుక నా గొంతుతో పాటు ప్రక్కయింటి కుక్కరు కూత, బోరు మోటారు రొద, వీధిలో ఆటో గుడగుడ, గోడల డబ్బామోత యన్నిటిని సమానాదరముతో స్వీకరించినది. ఆ మైకు చెడ్డది కాదు. నిశ్శబ్దమైన గదికి పుట్టినదానిని నేను బజారునడుమ కూర్చుండబెట్టితిని. వానకాలమున చెమ్మ చేరి అందుండి చిటపట మ్రోతలు వచ్చుట మొదలిడగా, సిలికా పొట్లములతో డబ్బాలో భద్రపరుప నేర్చితిని.

తీగచుట్టతో పనిచేయు డైనమిక్ మైకు స్వభావము వేరు. రేకునకు అతికిన సన్నని రాగితీగ చుట్ట అయస్కాంతము నడుమ ఊగి విద్యుత్తును పుట్టించును. ఆ చుట్ట బరువుచేత అది కొంచెము మందముగా వినును. ఆ మందతనమే మన ఇండ్లలో దాని సుగుణము. నోటికి బెత్తెడు దూరమున పెట్టి పాడినపుడు అది దగ్గరి గొంతును గట్టిగా పట్టుకొని, దూరపు రొదను వెనుకకు నెట్టును. 1966లో వెలువడిన ష్యూర్ ఎస్‌ఎమ్58 నేటికిని ప్రపంచమందలి వేదికలపై నిలిచియుండుట కిదియు నొక హేతువు. అంత వెల పెట్టలేనివారికి అదే తీరున చేసినవి తక్కువ ధరలో పలు కంపెనీలవి దొరకును. జాతరలలో, పెండ్లిండ్లలో మైకుసెట్టువారు వాడు అహుజా మైకులలోను డైనమిక్‌లే మిక్కిలి. ఐతే వానికి తరచు తగిలించి యుండు జాకు తీగను విడిచి, మూడు మొనల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ వేయవలెను. అందలి రెండు తీగలు ఒకే సంకేతమును తలక్రిందుగా మోసికొనిపోవుటచేత, దారిలో దూరిన కరెంటు గుయ్యిమనుట రెండింటను సమానమై, చివర ఒకదాని నొకటి తీసివేయును.

మృదువుగా, గుసగుసవలె పాడువారికి, జోలపాటల గొంతులకు కండెన్సరే తగునని ఒప్పుకొందును. గది నిశ్శబ్దముగా నుండి, గొంగళ్ళు వ్రేలాడుచున్నచో దానివంటి సూక్ష్మగ్రాహి లేదు. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోను రికార్డులు చేయు గైస్‌బర్గ్ దొర గాయని గౌహర్ జాన్ పాటను పట్టినపుడు మైకు లేదు. కొమ్ములోనికి గొంతు విసరి పాడిన ఆ బలమే మైనముమీద గీత గీసినది. 1925లో విద్యుత్ రికార్డింగు వచ్చిన తరువాతనే సన్నని గొంతు, సన్నని నిట్టూర్పు రికార్డులోనికి ఎక్కగలిగినవి. కాని కళ్ళములో వేయిమందికి వినబడునట్లు పాడ నేర్చిన మా ఒగ్గుకథల, బతుకమ్మపాటల గొంతులకు డైనమిక్‌కు మించినది వలదని నా దృఢాభిప్రాయము.

దూరము మాట మరికొంత చెప్పవలసియున్నది. ఏలయన వ్యవహారమంతయు దానిమీదనే తిరుగును. నోటికిని మైకునకును గల దూరము రెట్టింపైన కొలది గొంతు ఆరు డెసిబెల్‌లు తగ్గును. గది మోత మాత్రము తగ్గదు. బెత్తెడు నుండి జానకు జరిగిన, గొంతు మూడవవంతునకు పడిపోవును. అతిదగ్గర చేరినపుడు క్రిందిస్వరములు ఉబ్బుటయు, ప, భ, ఫ యను అక్షరములతో వచ్చు ఊపిరి దెబ్బకు మైకు 'బుప్'మని అరచుటయు కలవు. 'భక్తి', 'ఫలము' అని నిండుగా పలుకు మన భాషకు ఈ బాధ అధికము. నైలాను వల తగిలించి, మైకును నోటికి సూటిగా కాక పెదవి మూలకు వాలుగా పెట్టిన చాలును. మైకు వీపు, కిటికీనో ఫ్యానునో చూచునట్లు త్రిప్పవలెను. గుండెయాకృతిలో వినెడి కార్డియాయిడ్ మైకునకు వెనుకభాగము చెవుడు.

ఇక మైకు సంకేతమును పెంచు ప్రీయాంప్. దీనినిగూర్చి బజారులో పుట్టిన భయములకు అంతులేదు. డైనమిక్ మైకు ఓ మోస్తరు గొంతు దగ్గరగా తాకినపుడు పుట్టించునది సుమారు రెండు మిల్లీవోల్టులు. యంత్రము కోరునది ఒక వోల్టునకు అటునిటు. అనగా ఐదువందల రెట్లు పెంచవలెను. దానినే 54 డెసిబెల్‌ల గెయిన్ అందురు. పాడువాడు జానకు జరిగినాడా, మరి పది కావలెను. కావున ఈ ప్రీయాంప్‌ను ఇముడ్చుకొని మైకును కంప్యూటరునకు కలుపు ఇంటర్ఫేసును కొనునపుడు దాని పెట్టెమీది రంగులుగాక, గెయిన్ ఎంత యని చూడుడు. అరువదికి దగ్గరగా ఉండిన డైనమిక్‌కు నిశ్చింత. చౌకవానిలో గెయిన్ చాలక, మీటను చివరిదాక త్రిప్పినపుడు 'స్స్' మను రొద లేచును. అట్టిచో ఇంటర్ఫేసును పారవేయ నక్కరలేదు. మైకునకు దగ్గర జరుగుటయో, ఇంటర్ఫేసు తీగవెంటనే పంపు 48 వోల్టుల ఫాంటమ్ పవరుతో నడచి 25 డెసిబెల్‌ల వరకు కలుపు చిన్న బూస్టరును తీగ నడుమ వేయుటయో చాలును.

లక్షలు పోసి కొన్న ప్రీయాంప్ నిశ్శబ్దముగా నుండునని నమ్మువారికి ఒక ప్రకృతిసత్యము చెప్పవలెను. 1928లో జాన్సన్, నైక్విస్ట్ అను బెల్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, ప్రతి తీగలోను వేడిమిచే ఎలక్ట్రానులు కదలుటవలన ఒక సన్నని రొద పుట్టుచునే యుండునని నిరూపించిరి. 150 ఓముల మైకునకు, చెవికి వినవచ్చు శ్రుతుల మేరలో, ఆ రొద, డీబీయూ అను వోల్టేజి కొలతలో, మైనస్ 131. దానిని దాటి దిగుట ఏ యంత్రమునకును తరము కాదు. నేడు సామాన్యులు కొనగల ఇంటర్ఫేసులే మైనస్ 128 దాక వచ్చియున్నవి. మిగిలిన ఆ కొలదిపాటి ఎడమునకై పొలమమ్ముకొను ఆలోచన చేసిన ఒక గాయకుని నేనెరుగుదును; ఆయనను వారించుటకు ఒక రాత్రియంతయు కూర్చుండి మాటలాడితిని, ఆపగలిగితిని.

యూఎస్‌బీ మైకులో మైకు, ప్రీయాంప్, సంఖ్యలుగా మార్చు యంత్రము మూడును ఒకే గూటిలో నుండును. పాఠములు చెప్పువారికి, కథలు చదువువారికి అది చాలును. పాటగాడు మాత్రము మైకు వేరు, ఇంటర్ఫేసు వేరు కొనుటయే మేలు. ఒకటి పాడైనను రెండవది మిగులును. తీగ, స్టాండుతో కలిపి పదివేల రూపాయలలోపుననే ఆరంభింపవచ్చును. స్టాండు విషయమున పిసినారితనము పనికిరాదు. వాలిపోవు స్టాండు పాటగాని మెడ నొప్పిచేయును. గుయ్యిమను మోత వినబడినచో ముందుగా లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీమీద నడుపుడు; ఎర్తు సరిగా లేని ఇండ్లలో రోగము సగము వేళల అక్కడనే యుండును.

ఆ పిల్లకు ఈ సంగతులన్నియు ఒక్కనాడు చెప్పలేదు. మరునాడు వాళ్ళ మేనమామ పల్లెనుండి రెండు గొంగళ్ళు తెచ్చినాడు. రెండు బొంతలు మా యింటివి. ఫ్యాను కట్టివేసి, చెమట తుడుచుకొనుచు, కడపటి బస్సు బస్టాండు చేరి వీధి సద్దుమణగిన పిదప, మైకును బెత్తెడు దూరమునకు లాగి ఆమె మరల పాడినది. హెడ్‌ఫోను పెట్టుకొని కన్నులు మూసి కడదాక విన్నది. గదినిగూర్చి గాని మైకునుగూర్చి గాని ఒక్కమాట అనలేదు. "రెండో చరణంల ఊపిరి జర తొందరగ తీసిన తాతా, మల్ల పాడుత" అని, వీపువెనుక జారిన గొంగడిని దండెముమీదికి సర్దుకొని, మైకు ముందు కూర్చున్నది.