పార్కుకి ఎప్పుడెళ్దాం?

ఏప్రిల్‌ 23 తెలంగాణ బడులకి చివరి పనిదినం. ఆ సాయంత్రం పుస్తకాల సంచి గూట్లోకి చేరీ చేరకముందే పిల్లల ప్రశ్న మొదలవుతుంది... ఎక్కడికెళ్దాం? వండర్‌లా, రామోజీ ఫిల్మ్‌ సిటీ, జలవిహార్‌, స్నో వరల్డ్‌, కాస్త వెసులుబాటున్న ఇంట్లో అయితే సింగపూర్‌. ఈ ప్రశ్నకి ఏదో ఒక జవాబు రాత్రి భోజనాలయ్యేలోపే దొరుకుతుంది. ఎప్పుడన్నది మాత్రం ‘ఈ ఆదివారం చూద్దాంలే’ అన్న మాటతో సరిపెట్టేస్తారు. తీరా ఆ ఆదివారం ఒక్కో రైడ్‌ దగ్గరా గంటసేపు వరసలో నిలబడి, ఎండకి వాడిపోయిన పిల్లలతో ఇల్లు చేరినప్పుడు తెలుస్తుంది, పార్కుని ఎంచుకోవడం కన్నా రోజుని ఎంచుకోవడమే అసలు పని అని.

సికింద్రాబాద్‌ కుటుంబాలకి ఆ పని మరింత చిక్కు. ఈ ఊళ్లో బడులన్నీ ఒకే క్యాలెండర్‌ ప్రకారం నడవవు. కంటోన్మెంట్‌ ప్రాంతం కావడంతో పికెట్‌, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, బొల్లారం... ఇలా దగ్గర దగ్గరే కేంద్రీయ విద్యాలయాలున్నాయి. సెయింట్‌ ఆన్స్‌, సెయింట్‌ ప్యాట్రిక్స్‌, వెస్లీ లాంటి పాతకాలపు మిషనరీ బడులున్నాయి. వీధివీధికీ రాష్ట్ర సిలబస్‌ చెప్పే పాఠశాలలు సరేసరి. ఒకే అపార్ట్‌మెంటులో పక్కపక్క ఫ్లాట్ల పిల్లలకి కూడా సెలవులు కలవని సందర్భాలు ఏటా వస్తూనే ఉంటాయి.

మూడు రకాల సెలవులు

రాష్ట్ర సిలబస్‌ బడులు జూన్‌ 12న తెరుచుకుని ఏప్రిల్‌ 23తో ముగుస్తున్నాయి. 2024-25లోనూ 2025-26లోనూ ఇదే లెక్క. మధ్యలో బతుకమ్మ, దసరా కలిపి దాదాపు రెండు వారాలు, సంక్రాంతికి అయిదారు రోజులు ఉంటాయి. 2025లో దసరా సెలవులు సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 3 వరకూ ఇచ్చారు. మిషనరీ బడులకి వీటికి తోడు క్రిస్మస్‌ సెలవులు... డిసెంబరు 23 నుంచి 27 దాకా.

కేంద్రీయ విద్యాలయాల (కేవీల) దారి వేరు. అక్కడ కొత్త తరగతి ఏప్రిల్‌లోనే మొదలైపోతుంది. వేసవి సెలవులు సాధారణంగా మే ఆరంభం నుంచి జూన్‌ మూడో వారం దాకా. దసరా రోజుల్లో ఓ పది రోజులు, డిసెంబరు చివర మరో పది రోజులు ఇస్తారు. సంక్రాంతికి మాత్రం వరస సెలవులుండవు.

అంటే అన్నయ్య పిల్లలు కేవీలో, చెల్లెలి పిల్లలు స్టేట్‌ సిలబస్‌లో చదువుతున్న ఇంట్లో అందరూ కలిసి వెళ్లగలిగే కాలం ఏడాదిలో రెండే రెండుసార్లు వస్తుంది. ఒకటి మే ఆరంభం నుంచి జూన్‌ 11 వరకు, రెండోది దసరాకి కొన్ని రోజులు. బావమరుదులంతా ఒకే రైలెక్కాలనుకునేవాళ్లు ముందు ఈ రెండింటినీ చూసుకుని, ఆ తర్వాతే ఆఫీసులో సెలవు చీటీ రాయాలి.

కలవని రోజులు కూడా ఉపయోగపడతాయి, అసలు మేలంతా వాటిలోనే ఉంది. ఏప్రిల్‌ 24 నుంచి నెలాఖరు దాకా రాష్ట్ర సిలబస్‌ పిల్లలకి సెలవులే, కేవీ పిల్లలు ఇంకా తరగతిలోనే ఉంటారు. జూన్‌ 12 తర్వాత ఇది తిరగబడుతుంది. ఊళ్లో చాలా బడులు తెరిచేస్తారు, కేవీ పిల్లలకి మాత్రం ఇంకో వారం పైగా ఆటవిడుపు. కంటోన్మెంట్‌లోని సైనికోద్యోగుల, కేంద్ర ఉద్యోగుల కుటుంబాలకి ఆ వారంలోని మంగళ, బుధవారాలకు సాటివచ్చే రోజులు ఏడాది మొత్తంలో దొరకవు. జనం తగ్గుతారు, మృగశిర కార్తె వచ్చి ఎండా దిగుతుంది, వారాంతంకన్నా టికెట్టూ తక్కువకే వస్తుంది.

ధర మారడం పార్కుల వ్యాపారంలో భాగమే. వండర్‌లా లాంటి సంస్థలు వారాంతాలకీ పండగలకీ ఒక ధర, మామూలు పనిదినాలకి ఒక ధర పెడతాయి. ఆ కంపెనీకి సాధారణంగా ఏడాదిలో ఎక్కువ రాబడి తెచ్చేది ఏప్రిల్‌-జూన్‌ త్రైమాసికమే. పిల్లల వేసవి సెలవులే అందుకు కారణం. అయితే పనిదినమైతే చాలు పార్కు ఖాళీగా ఉంటుందనుకోవడం పొరపాటు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బడుల విహారయాత్రలన్నీ పనిదినాల్లోనే జరుగుతాయి. ఉదయాన్నే పసుపుపచ్చ బస్సులు వరసకట్టిన రోజున శనివారానికీ గురువారానికీ తేడా ఉండదు. ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఒకసారి పార్కుకి ఫోన్‌ చేసి, బడుల బృందాలు ఎన్ని వస్తున్నాయో అడిగి తెలుసుకోవడం మేలు.

మంచు మేలో, సినిమా డిసెంబరులో

రావిర్యాల దగ్గర ఔటర్‌ రింగ్‌రోడ్డు పక్కన హైదరాబాద్‌ వండర్‌లా 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2000లో కొచ్చిలో ‘వీగాల్యాండ్‌’గా పుట్టి, 2005లో బెంగళూరు దగ్గర బిడదికి విస్తరించిన సంస్థకి ఇది మూడో పార్కు. నీటి రైడ్లూ, నేలమీది రైడ్లూ రెండూ ఉండటంవల్ల దీనికి కాలం లెక్క చాలా ముఖ్యం. మే మధ్యాహ్నం నీళ్లలో దిగితే బాగుంటుంది కానీ, ఒక రైడ్‌ నుంచి మరో రైడ్‌కి నడిచే సిమెంటు దారులు కాలుతుంటాయి. డిసెంబరులో నడక హాయి, నీళ్లు చలి. ఈ రెండూ సర్దుకునేది ఫిబ్రవరి, మార్చి మొదటి పక్షం. కానీ అప్పుడు పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఎవరూ కదలరు. పరీక్షల బెడద లేని చిన్న తరగతుల పిల్లలుంటే మాత్రం ఫిబ్రవరిలోని రెండో శనివారాన్ని వదులుకోకూడదు.

పిల్లల ఎత్తు కూడా ముందే కొలవాలి. వండర్‌లాలో పిల్లల టికెట్టుకి వయసు కాదు, ఎత్తే కొలమానం. ఒళ్లు గగుర్పొడిచే పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్లు దాటాలి. రెండు సెంటీమీటర్ల దూరంలో ఆగిపోయిన పిల్లాణ్ని రైడ్‌ గేటు దగ్గర సముదాయించడం ఎంత కష్టమో తల్లులకే తెలుసు. అలాంటప్పుడు ఆరు నెలలు ఆగి, దసరాకో సంక్రాంతికో వెళ్లడం న్యాయం.

రామోజీ ఫిల్మ్‌ సిటీ లెక్క వేరు. 1996లో ఏర్పాటైన ఈ స్టూడియో 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోనే అతి పెద్దదిగా గిన్నిస్‌ రికార్డుల్లోకి ఎక్కింది. అక్కడ బస్సు దిగి సెట్టు చూడటం, మళ్లీ బస్సెక్కడం, తోటల్లో నడవడం... రోజంతా ఆరుబయటే. ‘బాహుబలి’ సెట్టు ముందు ఫొటో దిగడానికి మే నెల మిట్టమధ్యాహ్నం తగదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తేనే తాతయ్యా అమ్మమ్మా కూడా పిల్లలతో సమానంగా తిరగగలరు. మిషనరీ బడుల పిల్లలకి క్రిస్మస్‌ సెలవులు సరిగ్గా ఆ కాలంలోనే వస్తాయి. డిసెంబరు చివర్లో అక్కడ ప్రత్యేక వేడుకలుంటాయి కాబట్టి రద్దీ తప్పదని తెలిసే బయల్దేరాలి. సొంత కారు లేకపోయినా ఇబ్బంది లేదు. పరేడ్‌ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, ఎల్బీనగర్‌లో దిగితే విజయవాడ హైవే మీద వెళ్లే బస్సులు దొరుకుతాయి.

మే నెల మధ్యాహ్నానికి సరైన చోటు లోయర్‌ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్‌. 2004లో మొదలైన ఈ మంచు పార్కులో లోపలి ఉష్ణోగ్రత సున్నాకన్నా తక్కువ. సికింద్రాబాద్‌ స్టేషన్‌ నుంచి ఆటోలో వెళ్లిరావచ్చు, పూటలో అయిపోతుంది. నెక్లెస్‌ రోడ్డులోని జలవిహార్‌ కూడా అంతే దగ్గర. రోజంతా ఎండలో తిప్పలేని మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లు ఔటర్‌ దాకా వెళ్లకుండా ఈ రెంటితో సరిపెట్టుకోవడమే మంచిది.

వేసవిని నమ్ముకున్నా వాన మాట మరవకూడదు. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. ఆ వెంటనే తెలంగాణలోకీ వచ్చేశాయి. మే చివరి వారానికి పెట్టుకున్న ప్రయాణాలు చాలామందికి తడిశాయి. మామూలు చినుకులకి పార్కులు ఆగవు కానీ ఉరుములూ మెరుపులూ మొదలైతే ఎత్తయిన రైడ్లు ఆపక తప్పదు. అందుకే మేలో వెళ్లేవాళ్లు నెల మొదటి సగాన్నే ఎంచుకోవాలి. క్యుములోనింబస్‌ మేఘాలు సాధారణంగా సాయంత్రాలే కమ్ముకుంటాయి కాబట్టి పెద్ద రైడ్లని మధ్యాహ్నంలోపే పూర్తిచేయాలి.

ఇంతకీ ఈ పార్కులేవీ లేని రోజుల్లోనూ ఈ జంటనగరాలకి ఒక ఆటల సీజన్‌ ఉండేది, ఇప్పటికీ ఉంది. నుమాయిష్‌ అనే ఎగ్జిబిషన్‌ 1938లో పబ్లిక్‌ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. సాధారణంగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు, అదీ సాయంత్రం పూట. జెయింట్‌ వీల్‌ ఎక్కడానికి హైదరాబాద్‌ వాతావరణంలో ఇంతకన్నా మంచి వేళ లేదు. సంక్రాంతి సెలవులూ అందులోనే కలిసొస్తాయి. పార్కు టికెట్లు భారమైన ఇంటికి ఈనాటికీ నుమాయిషే పెద్ద దిక్కు.

ఎదుటివాళ్ల సెలవులూ చూడాలి

ఊరు దాటి వెళ్లేవాళ్లు మన సెలవులతో పాటు అక్కడివాళ్ల సెలవుల్ని కూడా చూసుకోవాలి. దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో హాంకాంగ్‌ డిస్నీల్యాండ్‌ 2006లో చూసింది. 2005 సెప్టెంబరులో తెరిచిన ఆ పార్కుకి అదే తొలి చైనా కొత్త సంవత్సరం. ఆరు నెలల్లో ఏ మామూలు రోజునైనా చెల్లే టికెట్లు అమ్మారు. హాంకాంగ్‌లో పండగ సెలవులు ముగిశాయి కాబట్టి తర్వాతి రోజుల్ని మామూలు రోజులుగానే లెక్కేశారు. సరిహద్దు అవతల చైనాలో మాత్రం ఆ వారమంతా సెలవే! జనం పోటెత్తారు. చేతిలో టికెట్టున్నవాళ్లని కూడా లోపలికి పంపలేక పార్కు గేట్లు మూసేసింది. కొందరు గేట్లెక్కి దూకారు, పిల్లల్ని పైనుంచి లోపలికి అందించారు. అంత పెద్ద సంస్థే పక్క ప్రాంతపు సెలవుల్ని చూసుకోక దెబ్బతింది.

మన దసరా సెలవులు చాలాసార్లు అక్టోబరు మొదటి వారాన్ని తాకుతాయి. చైనా జాతీయ దినోత్సవ సెలవులూ అక్టోబరు 1 నుంచే. హాంకాంగ్‌ వెళ్లేవాళ్లు సెప్టెంబరులోనే తిరిగొచ్చేలా చూసుకోవాలి. సింగపూర్‌ విషయంలో మాత్రం తెలంగాణ పిల్లలు అదృష్టవంతులు. అక్కడి బడులకి పెద్ద సెలవులు జూన్‌లో నాలుగు వారాలు, మళ్లీ నవంబరు చివరి నుంచి డిసెంబరంతా. ఏప్రిల్‌ చివర, మే నెలల్లో స్థానిక పిల్లలు బళ్లో ఉంటారు. మే డే, వైశాఖ పౌర్ణమి లాంటి సెలవు దినాలు వదిలేస్తే యూనివర్సల్‌ స్టూడియోస్‌కి అవి మంచి రోజులు.

దేశంలోనే వెళ్లాలంటే బెంగళూరు లెక్క చూడండి. కర్ణాటక బడులు మే నెలాఖరుకే తెరుచుకుంటాయి, మనవి జూన్‌ 12న. మధ్యలో ఉన్న జూన్‌ మొదటి పది రోజుల్లో బిడది వండర్‌లాకి వెళ్తే మన పిల్లలకి సెలవు, అక్కడి పిల్లలకి బడి. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి 2023 సెప్టెంబరు నుంచి వందేభారత్‌ నడుస్తోంది కూడా.

బడి మానిపించి తీసుకెళ్తే సరిపోదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లోని ఐల్‌ ఆఫ్‌ వైట్‌కి చెందిన ఒక తండ్రి 2015 ఏప్రిల్‌లో కూతుర్ని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్లాడు, ఏడు రోజులు బడి పోయింది. జరిమానా కట్టనన్నాడు. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2017లో తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చింది. అమెరికాలోని వర్జీనియాలో దీనికి పూర్తిగా భిన్నం. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్‌ డే లోపు బడులు తెరవరాదని 1986లో అక్కడ చట్టమే చేశారు. పర్యాటక వ్యాపారానికి మేలు చేసే ఆ చట్టాన్ని అక్కడి థీమ్‌ పార్కు పేరు మీదే ‘కింగ్స్‌ డొమినియన్‌ చట్టం’ అంటారు. దాన్ని సడలించింది 2019లోనే. పార్కు కోసం బడి తేదీ మార్చడం ఎంత తప్పో, ఒక్కరోజు విహారానికి కుటుంబాన్ని కోర్టుకీడ్చడం అంత అతి. మన దగ్గర అలాంటి జరిమానాలు లేవు. సీబీఎస్‌ఈ పది, పన్నెండు తరగతుల వాళ్లకి మాత్రం 75 శాతం హాజరు తప్పనిసరి. చిన్న తరగతుల్లో ఏడాదికొక పనిదినం టీచరుకి ముందే చెప్పి తీసుకెళ్లడంలో తప్పు లేదు. పరీక్షల వారం మాత్రం వద్దు.

ఇక టికెట్ల సంగతి. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ గడువుని 120 రోజుల నుంచి 60కి తగ్గించింది. సికింద్రాబాద్‌ స్టేషన్‌ పునర్నిర్మాణం కారణంగా చాలా రైళ్లని చర్లపల్లి, కాచిగూడ, నాంపల్లికి మార్చారు. కాబట్టి ఎక్కే స్టేషన్‌ ఏదో టికెట్టు మీద రెండుసార్లు చూసుకోండి. ఈ వారమే ఇంట్లోని పిల్లలందరి స్కూల్‌ డైరీలూ ఒకచోట పెట్టి కలిసొచ్చే రోజుల్ని గుర్తించండి. మే 1న బయల్దేరే రైలుకి బుకింగ్‌ మార్చి 2 ఉదయం 8 గంటలకు మొదలవుతుంది.